కొట్టించడం, కాల్చడం

గ్రిమ్స్‌బీలో వాన నిలువుగా పడదు,
రేవు మీంచి అడ్డంగా వస్తుంది.
ఆదివారం. ఫ్యాక్టరీ లేదు.
చేతులకి చేపల వాసన మాత్రం సెలవు పెట్టలేదు.
వంటగది బల్ల మీద పాత తువ్వాలు పరిచి
ల్యాప్‌టాప్‌ని బోర్లా పడుకోబెట్టాను.

పాత సామాన్ల సంతలో పదిహేను పౌండ్లు దీనికి.
చదవడం వచ్చు, రాయడం రాదు.
ఏ సీడీ ఇచ్చినా గడగడా అప్పజెబుతుంది,
ఒక్క ముక్క రాయమంటే బిత్తరచూపులు.
రాసే డ్రైవుని వేరే శవంలోంచి తీశాను.
కాఫీ ఒలికి చచ్చిపోయిన ల్యాప్‌టాప్,
మూడు పౌండ్లు,
కీబోర్డులో బిస్కెట్ పొడి ఉచితం.

తెనాలిలో మా చిన్నాన్న కొట్లో
జనం సీడీలు కొట్టించుకునేవాళ్ళు.
"అమ్మాయ్, ఈ పన్నెండు పాటలూ కొట్టి ఉంచు,
సాయంత్రం వస్తా."
ఇక్కడ అదే పనిని కాల్చడం అంటారు.
మనది సుత్తి, వీళ్ళది నిప్పు.
లోపల జరిగేది రెండూ కాదు,
సూదిమొన కన్నా సన్నని వెలుగొకటి
రంగుపూత మీద మచ్చలు పెట్టుకుంటూ పోవడం.

పక్కింటి హెరాల్డ్ గారు
తన స్క్రూడ్రైవర్ల డబ్బాతో వచ్చారు.
పద్నాలుగేళ్ళు చేపల ఓడల్లో రేడియో ఆపరేటర్.
మూడు క్యాసెట్లు ఉండేవి, రెండిటికి బూజు.
మిగిలినదాంట్లో ఐస్‌లాండ్ దగ్గరి ఓ రాత్రి ఉంది,
ఊసుపోక రికార్డు చేసింది:
గాలి, గొలుసులు,
మధ్యలో ఎవరో ఉల్లిపాయలెక్కడని అడగడం.
ఆయన కారు సీడీ తప్ప మరోటి ముట్టదు.
"ఫోన్‌లో పెట్టిస్తాను" అన్నాను.
"ఫోన్‌లో నేను టైమ్ చూసుకుంటాను" అన్నారు.

ఒకటే స్క్రూ. అది ఊడగానే
సొరుగు లాగినట్టు పాత డ్రైవు చేతిలోకి వచ్చేసింది.
కొత్తది దూరింది గానీ మూతి కుదరలేదు.
ఒళ్ళు బూడిదరంగు, మూతి నలుపు,
కింద గోరంత సందు.
"పెట్టుడు పన్ను" అన్నారు హెరాల్డ్ గారు,
తనదాన్ని నాలుకతో కదిపి చూపిస్తూ.

మీట నొక్కితే నల్లటి తెర మీద ఒకే వాక్యం:
యజమాని ఎవరో బానిస ఎవరో తేలలేదట.
హార్డ్ డిస్కూ నేనే అంటోంది,
డ్రైవూ నేనే అంటోంది,
ఒక ఒరలో రెండు కత్తులు.
ఈ తీగలకి ఈ పేర్లు పెట్టిందెవరో.
మా సూపర్‌వైజర్ కూడా ఇంత మొహం మీద అనడు.
ఆయన ఏమైందని అడిగితే
"చిన్న తగువు" అన్నాను.

యాభై సూదుల్లో నలభై ఏడోది.
లెక్క తప్పి, మొదటినుంచి లెక్కబెట్టి,
ఆయన కళ్ళద్దాలు అరువడిగి,
దాని మీద ఒక్క బొట్టు గోళ్ళరంగు,
సగం ఎండిపోయిన మెరూన్.
ఆరేదాకా టీ.
ఆరిందో లేదోనని ఇంకో టీ.

రాయగలదు, అంది తెర.

మొదటి డిస్కు చెడింది.
ఎనభై ఏడు శాతం దగ్గర
ఆయన బల్ల మీద కప్పు పెట్టారు.
కప్పు వల్లేనని నేననలేదు.
ఆయనే దాన్ని పట్టుకెళ్ళి
బఠాణీ పాదుల మధ్య దారంతో కట్టారు,
పావురాలు బెదరడానికి.

రెండోదానికి నాలుగు రెట్ల వేగమే పెట్టాను.
పదకొండు నిమిషాలు
ఇద్దరం బల్లకి దూరంగా, పొయ్యి పక్కన నిలబడి,
పక్కగదిలో పరీక్ష జరుగుతున్నట్టు
గుసగుసగా మాట్లాడుకున్నాం.
ఆ గోరంత సందులోంచి పచ్చటి దీపం
తువ్వాలు అంచుని వెలిగించింది, ఆర్పింది, వెలిగించింది.

వెచ్చగా బయటికొచ్చింది.
కిటికీ వెలుగుకి పట్టి చూస్తే
లోపల ముదురు వలయం,
దాని చుట్టూ ఏమీ లేని అంచు.
"అక్కడితో అయిపోయానా?" అన్నారు.
"ఇంకా అరగంట చోటుంది."
"ఏం పెట్టను?"
నాకూ తోచలేదు.

కారులో కూచున్నాం, ఇంజిన్ వేయకుండా.
అద్దం మీద వాన, అడ్డంగానే.
గాలి. గొలుసులు.
ఎవరో ఉల్లిపాయల కోసం.

"మెట్ల కింద, ఎడమ పక్కన" అన్నారు హెరాల్డ్ గారు,
నాతో కాదు.